ఆకు ఏపు, దుంప చప్పన

సార్వా యైనను దాళ్వా యైనను, గట్టుమీద నిలిచి చేను నలుపు తిరిగినదా లేదా యని చూచుట మా భీమవరము చుట్టుపట్ల రైతునకు వరి నేర్పిన విద్య. ఆ కంటితోనే, శీతకాలమున పెరటిలో వేసిన క్యారెట్టు మడినిగూడ చూచి, ఆకు కొంచెము పాలిపోయినంతనే గుప్పెడు యూరియా విసరుట మనకు పరిపాటియైనది. నేలలోపల రుచి కూడుకొను పంటను నేలపైని పచ్చదనమును బట్టి పోషించుట తగదని నా దృఢవిశ్వాసము.

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. మాంసకృత్తులకును పత్రహరితమునకును అదియే మూలద్రవ్యము. అది లేక పైరే లేదు. ఐనను, ఆకు వండిన చక్కెర క్రిందికి దిగి దుంపయందు నిలువ చేరవలసిన దినములలో నత్రజని మిక్కుటమైనచో, ఆ చక్కెరలో పెద్దపాలు క్రొత్త ఆకులను పుట్టించుటకే వ్యయమై, దుంపలో నీరు హెచ్చి, నైట్రేటు పేరుకొనును. ఎరుపు మాత్రము అంతగా తగ్గదు గనుక, బజారులో చూచినవారికి లోపము తెలియనే తెలియదు.

అట్టి దుంపనొకదానిని పెరికి, మట్టి కడిగి, పచ్చిగా కొరికి చూడుడు. మొదట నోటినిండ నీరు. తీపి రావలసినచోట చప్పదనము. నమిలినకొలది నాలుక మొదట నిలిచిపోవు ఘాటు. క్యారెట్టునకు దాని పరిమళము నిచ్చునవి టెర్పీనులను సుగంధద్రవ్యములు. చక్కెర సమృద్ధిగా నున్నప్పుడు వానివలన కమ్మదనమే కలుగును. చక్కెర తరిగినప్పుడు అవియే కటువుగను, చేదుగను పైకి తేలును.

నేరమంతయు ఎరువుదే యనను. ఈ దుంప పదిహేను, ఇరువది డిగ్రీల చలిని కోరును. మన తీరపు ఉక్కయు, ఎండినచో రాయివలె బిగియు బంకమట్టియు దానికి సరిపడవు. ఊటీ క్యారెట్టు తీపిలో సగము ఆ కొండచలిదే. చలి మన చేతిలో లేదు. ఎరువు మన చేతిలోనిది.

మార్టేరు పరిశోధన స్థానమువారు 1982లో విడుదల చేసిన స్వర్ణ వరిని పండించిన రైతునకు, యూరియా హెచ్చినచో సుడిదోమ చేరునని ఒకరు చెప్పనక్కరలేదు. వరిలో తెలిసిన ఆ మితమును పెరటి మడికిగూడ పాటించవలెను. ఇసుక కలిపి ఎత్తుచేసిన మడిలో, బాగుగా చివికిన పశువుల ఎరువును విత్తుటకు చాలముందే కలిపి, దుంప ఊరనారంభించిన పిమ్మట యూరియా సంచి జోలికి పోవద్దని అడిగినవారికెల్ల చెప్పుచున్నాను. పిల్లలు పచ్చిగా కొరికి తిను కాయగూర గనుక, ఈ మాటను మరింత పట్టుదలతో చెప్పుచున్నాను.