వంశం, వంగడం: అర్థపరిణామంలో రెండు ఎదురుబాటలు

కుటుంబ పరంపరను తెలిపే పదాలలో ‘వంశం’ నేడు రక్తసంబంధానికి పర్యాయంగా స్థిరపడింది. వంశాభిమానం, వంశోద్ధారకుడు వంటి సమాసాలు ఆ భావం మీద కట్టినవే. పదచరిత్ర ఇందుకు పూర్తిగా అనుకూలించదు. ఋగ్వేదం మొదటి మండలంలో వంశమంటే పైకెత్తి నిలిపే గడ. అమరకోశం ఈ పదాన్ని వెదురుకు వనౌషధివర్గంలోను, కులానికి బ్రహ్మవర్గంలోను వేర్వేరుగా చెప్పింది. కణుపు మీద కణుపుగా పెరిగే వెదురులో తరాల వరుసను చూడటం సహజమే. అయితే ఆ వరుస పుట్టుకదే కానక్కరలేదు. బృహదారణ్యకోపనిషత్తులోని వంశాలు గురుశిష్య పరంపరలు. అక్కడ కణుపును కణుపుతో కలిపేది విద్య. శ్లేషకవులు మాత్రం వెదురును మరువలేదు. సద్వంశంలో పుట్టి గుణం కలిగినది రాజూ కావచ్చు, ధనుస్సూ కావచ్చు. గుణమంటే అల్లెతాడు కూడా గదా. గోత్రం కథా ఇటువంటిదే: పశువుల కొట్టం నుంచి బయలుదేరి, పాణిని నాటికి మనుమడు మొదలైన సంతతికి పారిభాషికమైంది.

‘వంగడం’ది దీనికి ఎదురు ప్రయాణం. కావ్యభాషలో అది వంశానికి, కులానికి పేరు. బ్రౌను నిఘంటువూ ఆ అర్థమే ఇచ్చింది. దీనిని వంశశబ్దానికి వికృతి అనుకోవటం తేలికే కాని సమర్థించటం కష్టం. ప్రాకృతంలో ఆ పదం ‘వంస’. శకార సకారాలు గకారం కావటం తద్భవాలలో సాధారణం కాదు. నేడు వంగడం మనుషులను విడిచి పైరులకు చేరింది. వరి వంగడం, పత్తి వంగడం అనే వాడుక గట్టిపడి, ప్రబంధంలో ఆ మాట కనబడినా విద్యార్థికి ముందు విత్తనమే స్ఫురించే స్థితి వచ్చింది. మొక్క పేరు మనిషి కులానికి వచ్చింది. మనిషి కులం పేరు మొక్కకు పోయింది.

ఈ మార్పును అర్థసంకోచమని తేల్చివేయటం చాలదు. పదంతో పాటు విలువా తలక్రిందులైంది. ధర్మశాస్త్రంలో సంకరం కులానికి కళంకం. వ్యవసాయశాస్త్రంలో సంకరణమే కొత్త వంగడానికి పుట్టుక. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాల సంకరణ ఫలం. అందులోని తైవాన్ రకాన్ని దాచవలసిన అవసరం శాస్త్రజ్ఞులకు కలగలేదు. వంశావళి రాసిన ఆస్థానకవికి ఆ స్వేచ్ఛ ఏదీ?

మొక్కతో నిమిత్తం లేని పదమొకటి సికింద్రాబాదు, హైదరాబాదు వాడుకలో ఉంది: ‘ఖాందాన్’. పారసీకంలో దీని మూలం ఇల్లు. తెలుగు ‘ఇంటిపేరు’లో ఉన్నదీ ఇల్లే, పెళ్లితోను, దత్తతతోను అది మారటమే ఇందుకు సాక్ష్యం. ఖాందాన్‌కు ‘వంశం’ అని అర్థం రాసినచోట ఆ ఇల్లు కనబడకుండా పోతుంది. ‘ఇంటివారు’ అని రాస్తే నిలుస్తుంది.