బలమునకు తగిన బండి

విడిభాగములుగా కొని తెచ్చుకొని, ఇంటి కొట్టములో తామే కూర్చుకొని నడుపుకొను కార్లు ఇంగ్లండు దేశమున ఒక తరమువారి ముచ్చట తీర్చినవి. 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అను చిన్న బండిని విపణికి తెచ్చినప్పుడు, పూర్తిగా కూర్చిన కారుపై పడు కొనుగోలు పన్ను విడిభాగములుగా అమ్మిన బండికి లేకుండుటచేత, మితమైన సంపాదన గల యువకులు సైతము ఆ భాగములను కొని, వారాంతములందు స్పానరు చేతబట్టి తమ బండిని తామే నిర్మించుకొనిరి. 1973లో ఆ పన్ను పోయి కొత్త పన్ను వచ్చెను. ఆ యేడే సెవెన్ నిర్మాణపు హక్కులు కేటర్‌హామ్ సంస్థకు సంక్రమించినవి. మొదటినుండి నేటివరకు ఆ బండి ఆకృతి ఇంచుమించు అట్లే నిలిచియున్నది గాని, దాని ముక్కుక్రింద కూర్చుండు ఇంజిను మాత్రము తరతరమునకు మారుచు వచ్చెను: తొలుత 1,172 సీసీల ఫోర్డు సైడ్ వాల్వు, తరువాత క్రాస్‌ఫ్లో, ఆపై రోవర్ కె సిరీస్, అటు పిమ్మట ఫోర్డు డ్యూరాటెక్.

మన దేశమున అలీబాగు దగ్గర చింకారా మోటార్స్ వారు సెవెన్‌ను తలపించు రోడ్‌స్టర్‌ను నిర్మించి, దానిలో ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజినును అమర్చిరి. అయినను మా వాల్మీకిపురము, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి ఈ విద్య పరిచయమైనది అట్టి బండ్లవలన కాదు, జీపువలన. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో మహీంద్రా వారు విల్లీస్ జీపులను విడిభాగములుగా అమెరికానుండి తెప్పించి బొంబాయిలో కూర్చి అమ్మిరి గనుక, జీపు మన దేశములో పుట్టుకతోనే కూర్పుబండి. విప్పుటకు, మార్చుటకు, మరల బిగించుటకు అది యెన్నడును అడ్డు చెప్పలేదు. సర్కారు కచ్చేరీలలో సేవ ముగించి వేలమునకు వచ్చిన జీపులు మా సీమలో రైతుల చేతికి, సర్వీసు నడుపువారి చేతికి చేరి, టమోటా గంపలను, పెండ్లివారిని, బడిపిల్లలను మోసి, ఒకటి రెండు ఇంజినులను మార్చుకొని ఇప్పటికిని తిరుగుచున్నవి.

ఆ జీపులో మొదట నుండిన హరికేన్ పెట్రోలు ఇంజిను తేలికగా తీసివేయదగినది కాదు. 134 ఘనపుటంగుళములు, అనగా ఇంచుమించు 2,200 సీసీలు. సిలిండరు వ్యాసము తక్కువ, పిస్టను ప్రయాణము ఎక్కువ. గాలి లోనికి వచ్చు వాల్వు పైనున్న హెడ్డులోను, పొగ వెలికి పోవు వాల్వు క్రిందనున్న బ్లాకులోను ఉండుట దాని ప్రత్యేకత. దున్నిన చేనిలో సైతము మెల్లగా, ఆగకుండ, ఎదురు చెప్పకుండ లాగెడి స్వభావము దానిది. కాని పెట్రోలు ఖరీదు, కార్బురేటరు సామాను కొరత, పాత హెడ్డు పగుళ్లు, ఇవన్నియు కలిసి వచ్చి ఒకనాటికి యజమానిని మేస్త్రీ కొట్టమునకు పంపును.

మా ఊరి రోడ్డు ప్రక్కనున్న అట్టి కొట్టమొకదానికి నేను తరచుగా పోవుదును. అక్కడ ఒక రైతు తన పాత జీపును నిలిపి, తన కోరికను ఒక్క మాటలో చెప్పెను: 2010లో వచ్చిన థార్ బండిలోని సీఆర్‌డీఈ ఇంజినును గుజిరీలో కొని తెచ్చి ఇందులో పెట్టవలెను. ఆ కోరికలో తప్పేమియు లేదు. అది 105 అశ్వశక్తుల ఇంజిను, పొదుపైనది, పొగ తక్కువ. మేస్త్రీ చేయి తుడుచుకొని, జీపు ముందు భాగమువైపు చూడక, నేలమీద కూర్చుండి క్రిందినుండి వెనుక యాక్సిలును చూచి యిట్లనెను: "ఇంజినీ ఎంత పెద్దదైనా తెచ్చి కూర్చోబెట్టేయొచ్చునన్నా. ఎనకుండే గేరుబాక్సు, యాక్సిలు దాన్ని మోస్తాయా లేదా, అది ముందు సూడల్ల."

ఈ విద్యయంతయు ఆ మాటలోనే యున్నదని నా దృఢమైన నమ్మకము. హరికేన్ ఇంజిను మెలిత్రిప్పు బలము ఇంచుమించు 155 న్యూటన్ మీటర్లు. సీఆర్‌డీఈ ఇంజినుది 247. జీపులోని టి-90 అను మూడు గేర్ల పెట్టె మొదటిదాని బలమునకు తగినది, రెండవదాని బలము దానికి ఒకటిన్నర రెట్లు మించినది. కాబట్టి ఆ ఇంజినును తెచ్చినచో దాని అయిదు గేర్ల పెట్టెను తేవలెను. ఆ పెట్టె పొడవునకు తగినట్లు ప్రొపెల్లర్ షాఫ్టులను కోయించి సమతూకము చేయించవలెను. సెన్సార్ల తీగలు, కంప్యూటరు, దానిని మేలుకొలుపు తాళముచెవి, అన్నింటిని ఒక్కటిగా ఊడదీసి తేవలెను. మా పాకాల–ధర్మవరము రైలుమార్గము మీటరుగేజిగా నుండినన్నాళ్లు దానిమీదికి పెద్ద ఇంజిను రాలేదు. పట్టాలు, వంతెనలు, ప్లాటుఫారములు మారిన పిదపనే వచ్చెను. జీపు విషయమును అంతే.

ఇంగ్లండులో సెవెన్ కూర్చువారును ఈ పాఠమునే నేర్చుకొనిరి. పాత క్రాస్‌ఫ్లో ఇనుప ఇంజినును తీసి అల్యూమినియపు డ్యూరాటెక్‌ను పెట్టదలచినవారికి బరువు తగ్గిన మాట నిజమే గాని, ముందుచక్రములను త్రిప్పు కార్లలో అడ్డముగా కూర్చుండుటకు పుట్టిన ఆ ఇంజినును నిలువుగా త్రిప్పి పెట్టునప్పుడు నీటి గొట్టములు తప్పుదిక్కున తేలును, ఇంజిను అడుగున నూనె నిలుచు సంపు నేలకు తగులును. సంపును కుదించినచో మలుపులలో నూనె ఒక ప్రక్కకు జారి పంపునకు అందక బేరింగులు కాలును. అందుకొఱకు లోపల అడ్డుపలకలను అతుకవలసి వచ్చును. కొత్త ఇంజిను వారికి ఇచ్చిన వేగమంతయు ఇట్టి చిన్న పనులను ఓపికతో ముగించుటవలన లభించినదే.

రైతుతో మేస్త్రీ చాలసేపు మాటలాడి, తుదకు వేరొక ఇంజినుకు ఒప్పించెను. కమాండర్, బొలెరో వంటి బండ్లలో వచ్చిన 2,523 సీసీల డీఐ డీజిలు ఇంజిను అది; ట్రాక్టరు వంశములోనిది, కంప్యూటరు లేనిది, ఏ పల్లెలోనైనను బాగుచేయించుకొనదగినది. పాత పెట్రోలు ఇంజినుకంటె ఒక తరము ముందున్నది, పాత యాక్సిలు దానితో కాపురము చేయగలదు. బెంగుళూరు జె.సి. రోడ్డునుండి దానిని తెచ్చి, చైన్ పుల్లీతో దింపిరి.

అప్పటి పని దగ్గరనుండి చూడదగినది. ఇంజినుకును గేరుపెట్టెకును నడుమ లేతు మీద తీయించిన పలక యొకటి కూర్చుండును. ఆ పలక రంధ్రపు కేంద్రము ఇంజిను కడ్డీ కేంద్రముతో సరిగా కలియనిచో క్లచ్ షాఫ్టు ప్రతి చుట్టులోను ఒక ప్రక్కకు ఒత్తబడి, పైలట్ బేరింగు అరిగి, కొన్ని మాసములకు గేరు జారును. మేస్త్రీ ఫ్లైవీలునకు డయల్ గేజిని తగిలించి, దాని ముల్లును రంధ్రపు అంచున ఆనించి, చేతితో ఇంజినును మెల్లగా త్రిప్పుచు చూచెను. ముల్లు 18 తౌలు కదలెను; అనగా అంగుళమును వేయి పాళ్లు చేసిన వానిలో 18 పాళ్లు. అందులో సగమే అసలు తొలగుదల యని కొత్త కుర్రవానికి వివరించి, పలక మేకులను మార్చి, మరల త్రిప్పి, మరల మార్చి, ముల్లు ఆరు తౌలకు లోబడినదాక బోల్టులను బిగింపనియ్యలేదు. కంటికి కానరాని ఆ కొలతకొఱకు ఆ మధ్యాహ్నమంతయు పోయెను, ఒక్క నిమిషమును వృథా కాలేదు.

పిమ్మట చిల్లరపనులనిపించునవి వరుసగా వచ్చినవి. పెట్రోలు ఇంజిను గాలిని ఇంచుమించు ఏడవ వంతునకు నొక్కును. డీజిలు పదునెనిమిదవ వంతునకు. కాబట్టి అదురు హెచ్చు, రబ్బరు దిండ్లు మందముగా ఉండవలెను. స్టార్టరు మోటారు, బ్యాటరీ రెండును పెద్దవి కావలెను. పాత జీపు వైపర్లు ఇంజిను పీల్చుగాలి వలన నడచునవి. డీజిలునకు ఆ పీల్పు లేదు గనుక తొలి వానకే అద్దము కనబడకుండ పోవును, విద్యుత్తు వైపరు పెట్టవలెను. తాళము త్రిప్పి పెట్రోలు బండి నాపినట్లు దీనిని ఆపుట సాధ్యము కాదు. డీజిలు ప్రవాహమును మూయుటకు ప్రత్యేకముగా ఒక లాగుడు తీగ వేయవలెను. ఒక్క ఇంజిను మారుటచే అద్దము మీది తుడుపుకఱ్ఱవఱకు మార్పు ప్రాకుట చూచినప్పుడు, యంత్రములో ఏ అంగమును ఒంటరి కాదని మనసునకు బాగుగా పట్టును.

వేగమును లెక్కకట్టుటయు మేస్త్రీ మరువలేదు. ఆ యాక్సిలు నిష్పత్తి 5.38, చక్రపు చుట్టుకొలత రెండుంబావు మీటర్లు. పై గేరులో ఇంజిను నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినప్పుడు చక్రము 558 చుట్లు తిరిగి, బండి గంటకు 75 కిలోమీటర్లు పోవును. మదనపల్లె మార్కెట్టుకు టమోటా గంపలతో పోవు బండికి, హార్సిలీ హిల్స్ మలుపులెక్కు బండికి అంతకుమించి అక్కఱలేదు. ఆ లెక్క ముగిసిన పిదప అతడు బ్రేకుల పని పట్టెను: కొత్త లైనింగు, కొత్త వీలు సిలిండర్లు, కొత్త గొట్టములు. బ్రేకు సిద్ధమైన తరువాతనే ఇంజినును తొలిసారి మ్రోగించెను. ఈ వరుసను ప్రతి కొట్టములోను నియమముగా పాటింపవలెనని నా కోరిక. బలమును హెచ్చించువాడు ముందుగా నిలుపుటకు ఏర్పాటు చేయవలసినవాడు.

చట్టమును ఈ పనిలో ఒక అంగముగానే చూడవలెను. 1988 నాటి మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను, బండిని దాని రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా మార్చుటను కట్టడి చేయుచున్నది. ఇంధనము మారునప్పుడు అనుమతి తప్పనిసరి. పత్రములో ఒకటియు బానెట్టు క్రింద మఱొకటియు ఉన్న బండికి ప్రమాదము జరిగిననాడు బీమా సంస్థవారు మాట వినరు. అందుచే ఇంజిను కొనుటకు ముందే రవాణా కార్యాలయమునకు పోయి అడుగుడని మేస్త్రీ యజమానులకు చెప్పుట నేను విన్నాను. ఆ మాటను ఇంకను గట్టిగా చెప్పవలెనని కోరుచున్నాను.

నేడు బ్యాటరీతో నడచు మోటార్లు వచ్చుచున్నవి. మా సీమ కుర్రవాండ్రు పాత జీపులలో వానిని పెట్టుటకు ఉత్సాహపడుచున్నారు. ఆ ఉత్సాహము మంచిది, కాలోచితమైనది. నిలిచిన క్షణమునుండియే పూర్తి మెలిబలమునిచ్చు ఆ మోటారు, పాత యాక్సిలును డీజిలుకంటె కఠినముగా పరీక్షించును గనుక, మేస్త్రీ అడిగిన ప్రశ్న వారికి మఱింత అవసరము. ఏ ఇంజిను తేవలెనని ఆలోచించుటకు ముందు, ఉన్నవానిలో ఏవి ఎంత మోయగలవో కాగితముపై వ్రాసికొనుడు. మోయలేనివానిని ముందు మార్చుడు. మార్చుటకు డబ్బు చాలనిచో ఇంజినును చిన్నదిగా ఎన్నుకొనుడు. ఇట్లు చేసినవాని బండి తరువాతి తరమువారి చేతికి కూడ పనికివచ్చును.