కూల్చివేతకును ఒక తిథి

ఉన్న గోడను బూడిద వన్నెతోను, కూల్చవలసిన గోడను పసుపుతోను, కట్టవలసిన గోడను ఎరుపుతోను సూచించుట జర్మనీ, ఇటలీ దేశముల వాస్తుశిల్పులు పాటించుచున్న సంప్రదాయము. చేతితో ప్లానులు గీసిన పూర్వుల నాటినుండి ఇది వచ్చుచున్నదని పెద్దలు చెప్పుదురు. ఆ త్రివర్ణ సంప్రదాయమునకు కంప్యూటరు యుగమున లభించిన యోగ్యుడైన వారసుడు, భవనముల మోడళ్లను నిర్మించు రెవిట్ సాఫ్ట్‌వేరులోని ఫేజుల, అనగా నిర్మాణదశల, విధానమేయని నా దృఢవిశ్వాసము.

2000వ సంవత్సరమున వెలువడి, 2002లో ఆటోడెస్క్ సంస్థ చేతికి వచ్చిన ఈ సాఫ్ట్‌వేరులో ప్రతి గోడకును, ప్రతి తలుపునకును రెండు ముద్రలుండును: ఏ ఫేజులో పుట్టినది, ఏ ఫేజులో కూలినది. ఎంత స్వల్పమైన యేర్పాటు, ఎంతటి శక్తి! కూల్చివేత యనునది ప్రత్యేకమైన ఫేజు కాదు; పూర్వమున్న వస్తువునకు తరువాతి ఫేజులో సంభవించు ఘటన. ఈ సూక్ష్మమెరుగనివారు 'ఉన్నది', 'కూల్చుట', 'కొత్తది' అని మూడు ఫేజులు కల్పించి చిక్కుపడుదురు. ఎరిగినవాడు రెంటితోనే పని నెరవేర్చి, ప్లానుకు తగిన ఫేజును, ఏ స్థితిలోని వస్తువులు కనబడవలెనో తేల్చు ఫిల్టరును నిర్ణయించి, ఒకే మోడలునుండి పూర్వస్థితిని, కూల్చివేతను, నూతన నిర్మాణమును వేర్వేరు షీట్లుగా వెలికి దీయును. పాతగోడలోని తలుపును కూల్చినట్లు గుర్తించినచో ఆ ఖాళీని గోడతో పూడ్చుట సాఫ్ట్‌వేరే చూచుకొనును. ఒకే ఫేజులో పుట్టి అందే కూలినది, పని నడుచునంత కాలము నిలిపిన ఊతగోడ వంటిది, తాత్కాలికమని తనంతట గ్రహించును. గదులు మాత్రము ఒక్కొక్కటి ఒక్క ఫేజునకే చెందును. కనుక పాత గదికిని, అచ్చటనే వెలయు కొత్త గదికిని వేరువేరుగా పేరు పెట్టవలయును.

ఈ విద్య యొక్క పరమార్థమును కంప్యూటరు లేకయే చూపిన మహాశిల్పి కార్లో స్కార్పా. వెరోనా నగరమున పదునాలుగవ శతాబ్దపు దుర్గమైన కాస్తెల్‌వెక్కియోలో నెపోలియను కాలపు సైనికశాల చేరెను. 1920ల నాటి పునరుద్ధరణమున దాని ముఖమునకు గోథిక్ కిటికీలు తెచ్చి అతికించిరి. 1958లో ఆరంభించి 1964 నాటికి స్కార్పా చేసిన పనిలో నన్ను అన్నిటికంటె ముగ్ధుని జేయునది ఆయన కట్టినది కాదు, కూల్చినది. సైనికశాల కొసభాగమును తొలగించి, పాత ప్రాకారమునకు ఊపిరి పోసి, ఆ యెడమునందే వెరోనా పూర్వప్రభువైన కాంగ్రాండె అశ్వారూఢ విగ్రహమును కాంక్రీటు పీఠముపై నిలిపినాడు. ఆ ఒక్క కూల్చివేతచే శతాబ్దముల పొరలన్నియు ఒక్కచూపునకు అందినవి!

ఈ భవనమునే రెవిట్‌లో నిలిపినచో దుర్గము, సైనికశాల, పునరుద్ధరణము, స్కార్పా కృషి అని నాలుగు ఫేజులు చాలును. సైనికశాల కొస రెండవదానిలో పుట్టి నాలుగవదానిలో కూలును. ఆర్కికాడ్ అను మరియొక సాఫ్ట్‌వేరులోని రినొవేషన్ విధానము సులభమైనదని మెచ్చువారు కలరు. కాని ఉన్నది, కూల్చవలసినది, కొత్తది అను మూడు స్థితులే గల ఆ పద్ధతిలో స్కార్పాకు ముందటి ఆరువందల యేండ్ల చరిత్రయు 'ఉన్నది' అను ఒక్క మూటగా మారును. చిన్న యింటి మరమ్మతునకు అది చాలునేమో, కాస్తెల్‌వెక్కియోకు చాలదు. అయితే రెవిట్‌లో ఒకసారి వేసిన ఫేజుల వరుసను తారుమారు చేయ వీలుపడదు. కావున మౌసు పట్టకమునుపే భవనచరిత్రమును చదువక తప్పదు. దీనిని లోపమందురు కొందరు, నేను గుణమందును.

ఇట్టి విద్యకు నేడు పట్టిన దుర్గతి చూడ హృదయము మండుచున్నది! కూల్చవలసిన గోడను ఎన్నుకొని డిలీట్ నొక్కుట. ఉన్నదానికొక ఫైలు, కొత్తదానికొక ఫైలు పెంచి, ఒకటి మార్చి రెండవది మరచుట. ఫిల్టరు చేయవలసిన పనిని గీతగీతకు పసుపు పులిమి సరిపుచ్చుట — ఇదియా నైపుణ్యము? డిలీట్ చేసిన గోడ ఏ షెడ్యూలు పట్టికయందును కనబడదు. ఎన్ని ఘనమీటర్ల ఇటుక పడగొట్టవలయునో అంచనా తేలదు. తీసిన తలుపులలో తిరిగి వాడదగినవెన్నో తెలియదు. సైటులోని మేస్త్రీ ఏ గోడపై సమ్మెట వేయవలయునో ఎవరు చెప్పుదురు? ఇక గీతలకు పసుపు పులిమినచో, ప్లాను పైకి పసుపుగానే కనబడును. మోడలులో మాత్రము ఆ గోడ అట్లే నిలిచియుండి కొలతలన్నిటిని తప్పుదారి పట్టించును.

కళాశాలలలో వాస్తువిద్య బోధించు ఆచార్యులారా, ఖాళీ స్థలముపై కొత్త మేడ లేపుటను తొలిపాఠము చేయకుడు. ఊరిలోని ఒక పాత యింటిని కొలిపించి, దాని ఫేజులను విద్యార్థిచేతనే నిర్ణయింపజేసి, మొదట కూల్చివేత షీటును గీయింపుడు. కార్యాలయాధిపతులారా, మోడలును స్వీకరించునప్పుడు కొత్త గోడలను మాత్రమే లెక్కింపక, కూలినవాటి షెడ్యూలును గూడ అడుగుడు. అది లేని మోడలును తిప్పి పంపుడు.