తోటరాముడు ఆ సుఖానికి అర్హుడేనా?

పారశీకంలో సరాయ్ అంటే బాటసారులు రాత్రి దిగి తెల్లవారి సాగిపోయే విడిది. మనం మజిలీ అనే మాటను ఇంచుమించు ఆ అర్థంలోనే వాడుతున్నాము. దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో నేడు దిగేవారు వర్తకులు కారు. పోటీ పరీక్షలకు చదువుకునే యువకులు. సుమారు ఇరవై ఏళ్ల క్రితం ఈ వ్యాసకర్త కూడా అక్కడ ఒక ఇరుకు గదిలో మరొక తెలుగు మిత్రునితో కలిసి రెండేళ్లు గడిపాడు. చరిత్ర పుస్తకాల నడుమ మా గదిలో చందమామ పాత సంచికలను కలిపి కుట్టిన బైండు ఒకటి ఉండేది. నాలుగవ ప్రయత్నమూ విఫలమైన రాత్రి ఆ మిత్రుడు దానిని తిరగేస్తూ, "తోటరాముడికి ఆ విగ్రహం దొరక్కపోయి ఉంటే వాణ్ణి మనం తలుచుకునేవాళ్లమా?" అని అడిగాడు. ఆనాడు నా దగ్గర సమాధానం లేదు.

అద్భుత కథలోని నాయకుడు సుఖాంతానికి అర్హుడా అన్నది చిన్నపిల్లల ప్రశ్నగా కనబడుతుంది గాని, మన సాహిత్యంలో దీనికి దీర్ఘమైన పూర్వచరిత్ర ఉన్నది. పదమూడవ శతాబ్దిలో తిక్కన నిర్వచనోత్తర రామాయణము రచించి మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. అందులో రామనిర్యాణాన్ని ఆయన చెప్పలేదు. ఆ లోటును తరువాతి కాలంలో జయంతి రామభట్టు పదకొండవ ఆశ్వాసంగా పూరించాడు. తిక్కన అక్కడ ఎందుకు ఆగాడన్న విషయమై పండితులు పలువిధాల ఊహించారు. విశేషమేమంటే, అదే కవి భారతంలో స్వర్గారోహణ పర్వం దాకా వెనుదీయక నడిచాడు. అక్కడ స్వర్గానికి వెళ్లిన ధర్మరాజుకు మొదట కనబడేది సుఖాసీనుడైన దుర్యోధనుడు. తమ్ములు కనబడేది నరకంలో. అది తాత్కాలికమని తరువాత తెలుస్తుంది. అయినా అర్హతకూ ఫలానికీ లంకె తెగిన ఆ క్షణాన్ని పాఠకుడు మరచిపోలేడు.

భవభూతి ఉత్తరరామచరితంలో సీతారాములను తిరిగి కలిపాడు. నాటకానికి మంగళాంతం కావలసినందున కలిపాడని తేల్చివేయడం సులభమే. కాని అడవిలో రాముణ్ణి అంతగా ఏడిపించిన తరువాతనే ఆయన ఆ పని చేశాడని మరువరాదు.

జానపద కథ ఈ చర్చను సూటిగా పెడుతుంది. బేతాళ కథల్లో అనేకం ఎవరు అర్హులన్న ప్రశ్నతోనే ముగుస్తాయి. చందమామ ఈ చట్రాన్ని తీసుకుని, మూలంలోని పాతిక కథలను దాటి వందలకొద్దీ కథలు నడిపింది. తీర్పు చెప్పిన ప్రతిసారీ విక్రమార్కునికి మౌనభంగమై శవం చెట్టెక్కుతుంది. అందరి అర్హతలూ తేల్చే రాజు తన కథ ముగింపుకు మాత్రం చేరుకోడు! సోమదేవుని కథాసరిత్సాగరంలో అతనికి ముగింపు ఉన్నది: తనను బలి ఇవ్వదలచిన భిక్షువునే బలి ఇచ్చి సిద్ధిని పొందుతాడు.

పాతాళభైరవి కథలోనూ కీలకం ఇదే. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల ఆధారంగా పింగళి నాగేంద్రరావు రచించగా, కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ 1951లో విడుదల చేసిన ఈ చిత్రాన్ని కేవలం వినోదంగా చూసేవారు దాని నిర్మాణంలోని ఒక సూక్ష్మాన్ని గమనించరు. ఉజ్జయిని తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని ప్రేమిస్తాడు. రాజు అడిగినది గుణం కాదు, సంపద. నేపాళ మాంత్రికుని వెంట వెళ్లిన రాముడు అతణ్ణే బలి ఇచ్చి విగ్రహాన్ని సంపాదిస్తాడు. దాని మహిమతో మేడలు లేపుతాడు. రాజు సమ్మతిస్తాడు. మామూలు కథకుడైతే ఇక్కడ శుభం కార్డు వేసేవాడు.

కాని కథ ఈ ముగింపును ఒప్పుకోదు. సదాజపుడు గురువును బ్రతికిస్తాడు, విగ్రహం చేతులు మారుతుంది, మేడతో పాటు ఇందుమతీ మాయమవుతుంది. మహిమతో వచ్చినది మహిమతోనే పోయింది. ఈసారి రాముని వద్ద విగ్రహం లేదు. ఉన్నదల్లా తెగువ, యుక్తి, అంజి వంటి స్నేహితుడు. మాంత్రికుని శక్తి దాగిన గడ్డాన్ని తీయించడం చూసి మనం నవ్వుకుంటాము. ఆ నవ్వులోనే రాముని అర్హత స్థిరపడుతున్నది. ఒకే నాయకునికి ఒకే బహుమానాన్ని రెండుసార్లు ఇచ్చి, మొదటిదానిని రద్దు చేసిన ఈ పద్ధతి నా దృష్టిలో పింగళి ప్రతిభకు పెద్ద నిదర్శనం. ఎస్.వి.రంగారావు ఠీవి ముందు ఇది ఎవరి కంటా పడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

చందమామ ధారావాహికలకు ఈ తూకం మరింత కష్టం. నెలనెలా ఆపదలు పెంచుకుంటూ పోయిన రచయిత చివరి సంచికలో అన్ని బాకీలూ తీర్చాలి. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్కతో ఆరంభించి భల్లూక మాంత్రికుడు వరకు పన్నెండు ధారావాహికలు రాశారు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఈ జంటల తోడునడకే మనకు గుర్తుంటుంది గాని, చివర ఎవరికి ఏమి దక్కిందో చాలామంది చెప్పలేరు. వారి కష్టాలకు సాటి రాగల సుఖం ఏదీ లేదని ఆయనకు తెలుసునేమో! తమాషా ఏమంటే, ఇందరు వీరులను గట్టెక్కించిన ఆ రచయిత పేరు చందమామ పుటల్లో ఏళ్ల తరబడి అచ్చు కాలేదు.

తోకచుక్క మొదలైన 1954లోనే ఇంగ్లండులో టోల్కీన్ బృహద్గాథ తొలి సంపుటం వెలువడింది. అందులో ఉంగరాన్ని మోసిన ఫ్రోడో, లోకమంతా కుదుటపడ్డాక, మానని గాయంతో ఓడ ఎక్కి వెళ్లిపోతాడు. రక్షణ అందరికీ దక్కింది, అతనికి తప్ప. ఇది గొప్ప ముగింపే. అయితే దుఃఖాంతమే ప్రౌఢమనీ, సుఖాంతం బాలసాహిత్యానికి పరిమితమనీ అనేవారితో నేను ఏకీభవించను. పల్నాటి బాలచంద్రుడు కారెంపూడి రణంలో ఒరిగిపోయాడన్నది మనకు తెలుసు. చరిత్ర ఇవ్వని దానిని కథ ఇస్తే ఆక్షేపణ ఏమిటి? ఊరక ఇచ్చిందా, లెక్క చూసి ఇచ్చిందా అన్నదే విమర్శకుడు అడగవలసినది.

ఆ మిత్రుడు ప్రస్తుతం తన స్వస్థలంలో జూనియర్ కళాశాల విద్యార్థులకు చరిత్ర బోధిస్తున్నాడు. కిందటి వేసవిలో కలిసినప్పుడు ఈ వాదమంతా వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. "అంతా బాగుంది గాని, ఆ మొసలిని మరిచిపోయావు" అన్నాడు. మడుగులో రాముని చేత చచ్చి, శాపం తీరి, మాంత్రికుని కుట్రను బయటపెట్టిన మొసలి. అది ఆ పూట ఆ మడుగులో లేకపోతే రాముడెంత యోగ్యుడైనా బలిపీఠం మీద తల పెట్టేవాడే. నేను ఇంకేమీ అనలేదు. ఆయన పిల్లల జవాబు పత్రాలు దిద్దుకోవడానికి లోపలికి వెళ్లాడు.