సంచిలో కంప్యూటరు: ఎంపికకు కొలబద్ద యేది?

కాగజ్‌నగరు పేరులోనే కాగితమున్నది. 1938లో స్థాపితమై 1942లో ఉత్పత్తి ప్రారంభించిన సిర్పూరు కాగితపు మిల్లు వలన ఆ పట్టణమునకు ఆ పేరు వచ్చినది. 2014లో మూతపడిన ఆ మిల్లు 2018లో మరల తెరువబడినది. ఇంటికి దూరముగా పనిచేయు మనిషికి చిరకాలముగా తోడుగా నున్నది కాగితమే. సర్వే చేయువాడు, అటవీ ఉద్యోగి, వార్తలు సేకరించువాడు, అందరును నోటుపుస్తకమునే చంక నిడుకొని తిరిగిరి. నేడు ఆ స్థానమును చిన్న కంప్యూటరు ఆక్రమించుచున్నది. అయితే నోటుపుస్తకము ఎన్నడును ఎదుర్కొనని కొన్ని పరీక్షలను ఈ యంత్రము ఎదుర్కొనవలసి యున్నది.

ఒక ఉదాహరణము తీసికొందము. కాగజ్‌నగరులోని ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడొకరు విద్యార్థులను వెంటబెట్టుకొని బెజ్జూరు అడవి వైపునకు పోయి, చెట్ల పేర్లు, పక్షుల సంఖ్య, చెరువు నీటి ఉష్ణోగ్రత నమోదు చేయదలచిరనుకొందము. అందుకొక చిన్న కంప్యూటరు కొనుటకు దుకాణమునకు వెళ్లిరి. అచట చెప్పబడునవి మూడు సంగతులు: యంత్రపు వేగము, జ్ఞాపక సామర్థ్యము, ధర. ఈ మూడును తెలిసికొనదగినవే. కాని ఇవి బల్లమీద పనిచేయు యంత్రమునకు తగిన కొలబద్దలు. చెట్టు క్రింద పనిచేయు యంత్రమును కొలుచుటకు వేరు ప్రశ్నలు కావలెను: శక్తి యెంతసేపు నిలుచును? ఎండలో అక్షరము కనబడునా? మన లిపి అందు సరిగా పలుకునా? చెడిన బాగుచేయువారెవరు? గడచిన నలువది యేండ్లలో వచ్చిన కొన్ని ప్రసిద్ధ యంత్రములను ఈ ప్రశ్నలతో పరీక్షించినచో, వాని గుణదోషములు స్పష్టమగును.

శక్తి

వెంట తీసికొనిపోదగిన కంప్యూటరుగా వ్యాపారములో మొదట పేరు పొందినది 1981లో అమెరికాలో వచ్చిన ఆస్‌బర్న్-1. దానిని నిర్మింపజేసిన ఆడం ఆస్‌బర్న్ బాల్యము మన పొరుగున తిరువణ్ణామలైలో గడచినది. ఆ యంత్రము బరువు సుమారు 11 కిలోగ్రాములు. తెర 5 అంగుళములు. దానిలో బ్యాటరీ లేదు. కనుక దానిని మోసికొనిపోవచ్చునే గాని, గోడకు విద్యుత్తు లేనిచోట ఉపయోగింప వీలులేదు. మోయదగుట వేరు, వాడదగుట వేరు అను పాఠమును ఈ మొదటి యంత్రమే నేర్పినది.

రెండేండ్ల తరువాత, 1983లో, రేడియో షాక్ సంస్థ విక్రయించిన టి.ఆర్.ఎస్.-80 మోడల్ 100 ఇందుకు పూర్తిగా భిన్నమైనది. దాని బరువు కిలోన్నర లోపు. గడియారములలోను, టార్చిలైట్లలోను వేయు సామాన్యమైన నాలుగు చిన్న సెల్లులతో అది దాదాపు 20 గంటలు నడచెడిది. ఒక్కొక్క సెల్లులో సుమారు 3 వాట్-గంటల శక్తి యున్నదనుకొన్నచో, నాలుగింటిలో 12 వాట్-గంటలు. దానిని 20 గంటలచే భాగించిన 0.6 వాట్లు. అనగా ఆ యంత్రము ఒక వాట్ శక్తిని కూడ కోరలేదు. దాని తెరపై వరుసకు 40 అక్షరముల చొప్పున 8 వరుసలే పట్టెడివి. అయినను ఊరూర తిరుగు పత్రికా విలేఖరులు దానిని ఎంతయో ఆదరించిరి. వారి పనికి కావలసినది వ్రాయుట, వ్రాసినదానిని టెలిఫోను ద్వారా పంపుట మాత్రమే. ఆ రెండింటిని అది లోపము లేక చేసినది.

ఈ భాగహారమును విద్యార్థులు ఏ యంత్రమునకైనను చేయవచ్చును. బ్యాటరీలోని వాట్-గంటలను, యంత్రము ఖర్చుచేయు వాట్లచే భాగించిన గంటలు వచ్చును. 2011లో మన దేశమున వెలువడిన ఆకాశ్ టాబ్లెట్‌లోని బ్యాటరీ సామర్థ్యము 2,100 మిల్లీ ఆంపియర్-గంటలు. వోల్టేజి 3.7 అనుకొన్నచో దాని శక్తి 7.8 వాట్-గంటలే. యంత్రము 3 వాట్లు కోరినచో రెండున్నర గంటలలో అది అడుగంటును. నేటి మడత కంప్యూటర్లలో సాధారణముగా 40 నుండి 60 వాట్-గంటల బ్యాటరీ యుండును. అవి తేలికపాటి పనికి 6 నుండి 8 వాట్లు కోరును. దుకాణపు కాగితముపై నున్న గంటల సంఖ్య కన్న ఈ భాగహారఫలమే నమ్మదగినది.

వేడిమి సంగతి కూడ చూడవలెను. కాగజ్‌నగరు ప్రాంతమున మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకు దినములు కలవు. పెక్కు మడత కంప్యూటర్లు 35 డిగ్రీల వరకు మాత్రమే పనిచేయుటకు ఉద్దేశింపబడినవని వాని తయారీదారులే వ్రాయుదురు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలకు పైబడిన వేడిలో ఛార్జి చేయుట హానికరము. అట్లు చేసిన దానిలోని రసాయనములు వేగముగా క్షీణించును. కనుక ఎండలో నిలిపిన జీపులో కంప్యూటరును వదలుట, పెట్టెలో పెట్టి దానికి ఉరిశిక్ష విధించుట వంటిదే.

వెలుగు

ఎండలో తెర యెందుకు కనబడదు? కన్ను మందగించినందున కాదు. మిట్టమధ్యాహ్నపు సూర్యకాంతి దాదాపు 1,00,000 లక్సులు. ఆ యెండలో నున్న తెల్లకాగితము తనపై బడిన వెలుతురులో నూటికి 80 పాళ్లు వెదజల్లును. లెక్క కట్టినచో దాని ప్రకాశము చదరపు మీటరుకు 25,000 కాండెలాలు. సామాన్యమైన కంప్యూటరు తెర స్వయముగా ఇచ్చు ప్రకాశము 250 లేక 300 కాండెలాలు మాత్రమే. అంతేకాక, నున్నని గాజు తనపై బడిన వెలుతురులో సుమారు నూటికి 4 పాళ్లు అద్దమువలె త్రిప్పి పంపును. ఎండలో నిలిచిన ఉపాధ్యాయుని తెల్లచొక్కాయే ఆ తెరలో 1,000 కాండెలాల ప్రతిబింబమై నిలుచును. అక్షరము కన్న చొక్కాయే మూడు రెట్లు ప్రకాశించుచుండగా అక్షరమెట్లు కనబడును? కాగితము సూర్యుని వెలుగునే వాడుకొనును. తెర సూర్యునితో పోటీపడును. కాగితపు విజయరహస్యమిదియే.

ఈ చిక్కును నేరుగా ఎదుర్కొన్న యంత్రమొకటి కలదు. ‘ఒక బిడ్డకు ఒక కంప్యూటరు’ అను ఉద్యమము 2007లో తయారుచేయించిన ఎక్స్.ఓ. దాని తెరను మేరీ లూ జెప్సెన్ రూపొందించెను. గదిలో వెనుక దీపముతో రంగులు చూపు ఆ తెర, ఎండలో దీపమార్పి, సూర్యకాంతినే ప్రతిఫలింపజేసి నలుపు తెలుపులలో స్పష్టముగా చూపెడిది. ఎండ పెరిగినకొలది అక్షరము తేటపడుట, శక్తి ఆదాయగుట, రెండును ఒక్క ఉపాయముతో సాధింపబడినవి. ఆ యంత్రములో ఫ్యానుగాని, తిరుగు డిస్కుగాని లేవు. ధూళి లోపలికి చేరుటకు మార్గము తక్కువ. పల్లెటూరి బడిని మనస్సులో నిడుకొని చేసిన యంత్రమనుటకు ఇవియే సాక్ష్యములు. అదే సంవత్సరము మహారాష్ట్రలోని ఖైరాత్ గ్రామమున ఒక చిన్న పాఠశాలలో దానిని ప్రయోగించి చూచిరి.

అయినను ఎక్స్.ఓ. లోపరహితము కాదు. 100 డాలర్లకు ఇత్తుమని ప్రచారము చేసిన యంత్రము దాదాపు రెట్టింపు ధరకు గాని తయారుకాలేదు. అంతకు మించిన లోపమొకటి కలదు. బిడ్డ చేతికి యంత్రమిచ్చిన చాలును, చదువు దానంతట అదే వచ్చునన్న విశ్వాసముతో, ఉపాధ్యాయునకు తగిన స్థానమును ఆ ఉద్యమము కల్పింపలేదు. తెరను గూర్చి చేసిన ఆలోచనలో నాలుగవ వంతు పాఠమును గూర్చి చేసియున్నచో ఫలితము వేరుగా నుండెడిది.

లిపి

బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరును, ఎన్‌కోర్ సంస్థవారును కలసి రూపొందించిన సింప్యూటరు ఈ విషయమున మార్గదర్శి. సులభము, చవక, బహుభాషలు తెలిసినది, ప్రజలది అను నాలుగు లక్షణములు దాని పేరులోనే ఇమిడియున్నవి. అరచేతిలో ఇముడు ఆ యంత్రము మూడు చిన్న సెల్లులతో నడచెడిది. చదువురాని వాని కొరకు భారతీయ భాషలలో వ్రాతను చదివి వినిపించు ఏర్పాటు చేసిరి. ఒక్క యంత్రమును గ్రామస్థులు పలువురు పంచుకొనునట్లు, ఎవరి వివరములు వారి కార్డులోనే దాచుకొను పద్ధతిని పెట్టిరి. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారుచేసిన ‘అమిడా’ సింప్యూటరులో, చేతిని కదలించినంతనే పుట తిరుగు సౌకర్యము కూడ నుండెను. భావము ఇంత గొప్పదైనను, పథకము పుట్టుకకును యంత్రము అంగడికి చేరుటకును నడుమ అయిదారేండ్లు గడచినవి. ధరయు పదివేల రూపాయలకు అటునిటుగా మొదలైనది. ఈలోగా చవకైన సెల్‌ఫోను పల్లెకు నడచివచ్చినది. సింప్యూటరు ఓడినది ఆలోచనలో కాదు, ఆలస్యములో.

లిపి నేటికిని చిన్న సంగతి కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణములోనే తెలుగునకు చోటు లభించినది. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమును కంప్యూటరు ఆరు సంకేతములుగా దాచును: స, పొల్లు, త, మరల పొల్లు, ర, గుడిదీర్ఘము. వానిని కూర్చి ఒత్తులతో సరిగా చూపుట యంత్రమునందలి అక్షరరూపముల పని. ఆ పని కుదరనిచో విడివిడి ముక్కలే తెరపై కనబడును.

ఉత్తర తెలంగాణమున ఈ ప్రశ్న తెలుగుతో ముగియదు. ఆదిలాబాదు ప్రాంతమున గోండి భాష మాటలాడువారు పెక్కుమంది కలరు. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారాం రూపొందించిన గోండి లిపికి 2017లోను, ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామపు వ్రాతప్రతుల వలన వెలుగులోనికి వచ్చిన గుంజాల గోండి లిపికి 2018లోను యూనికోడులో స్థానము లభించినది. కాని ప్రమాణములో చోటు దొరకుట వేరు, కొన్న యంత్రములో ఆ అక్షరములు కనబడుట వేరు. బెజ్జూరులో ఒక గోండు వృద్ధుడు చెప్పిన చెట్టు పేరును ఆయన లిపిలోనే వ్రాయదలచిన విద్యార్థికి, ఈ పరీక్ష వేగపు పరీక్ష కన్న ముఖ్యము.

ధర, మరమ్మతు

ఆకాశ్ కథ ధరను గూర్చిన పాఠము. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలైన ఆ టాబ్లెట్ ప్రభుత్వమునకు సుమారు 2,250 రూపాయలకు లభించినది. 366 మెగాహెర్ట్జ్ వేగము, 256 మెగాబైట్ల జ్ఞాపకము, వ్రేలితో గట్టిగా నొక్కినగాని స్పందింపని 7 అంగుళముల తెర. ఇవి దాని లక్షణములు. మొదట ధరను నిశ్చయించి, పిమ్మట ఆ ధరలో ఇమిడినంత యంత్రమును చేసిరి. విద్యార్థి చేయవలసిన పనిని ముందు నిశ్చయించినచో ఆ తెర, ఆ బ్యాటరీ ఎన్నికయై యుండెడివి కావు. 2012 నవంబరులో వచ్చిన రెండవ ఆకాశ్‌లో తెరను, వేగమును మెరుగుపరచుటయే మొదటిదానిపై తయారీదారులు వ్రాసికొన్న విమర్శ.

దీనితో పోల్చదగినది అదే 2011లో ఆరంభమైన సామాజిక, ఆర్థిక, కుల గణన. ఇంటింటికి తిరిగి వివరములు నమోదు చేయుటకు దేశమంతట సుమారు 6.4 లక్షల చేతి టాబ్లెట్లను వాడిరి. అవి భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసినవి. వానికి అప్పగించిన పని ఒక్కటే: ప్రశ్న చూపుట, జవాబు దాచుట. పని ముందు నిశ్చయమైనందున యంత్రమును ఎంచుట తేలికయైనది.

మరమ్మతు సంగతి కొనునాడు ఎవరును అడుగరు. బ్యాటరీ రెండు మూడేండ్లలో నీరసించుట సహజము. అది మరలతో విప్పి మార్చదగినదా, జిగురుతో అతికింపబడినదా అని చూడవలెను. కాగజ్‌నగరులో బాగుచేయదగిన యంత్రమునకును, కాజీపేట మీదుగా రైలులో హైదరాబాదు పంపవలసిన యంత్రమునకును ధరలో కనబడని భేదమొకటి యున్నది. ఆ భేదమును పనిలేక గడచిన దినములలో లెక్కింపవలెను.

తీర్పు

సెల్‌ఫోను ఉండగా వేరు యంత్రమెందుకని కొందరడుగుదురు. ఫొటో తీయుటకు, తావును గుర్తించుటకు, నాలుగు అంకెలు నమోదు చేయుటకు ఫోను చాలును. సాయంకాలము ఆ అంకెలను పట్టికలుగా కూర్చి, రెండు పుటల నివేదిక వ్రాయుటకు మీటలు గల యంత్రము కావలెను. ఈ విభజనను గుర్తించినవాడు అనవసరమైన వేగమునకు డబ్బు చెల్లింపడు.

పై యంత్రములలో ఏదియు సంపూర్ణము కాదు. ఏదియు వ్యర్థమును కాదు. శక్తి విషయమున మోడల్ 100, తెర విషయమున ఎక్స్.ఓ., భాష విషయమున సింప్యూటరు మంచి ప్రశ్నలు వేసినవి. నేటి దుకాణపు యంత్రములు వానికన్న వందల రెట్లు వేగవంతములైనను, ఆ ప్రశ్నలకు జవాబులను కొనువాడే వెదకుకొనవలసి యున్నది. కొనుటకు ముందు యంత్రమును దుకాణము బయటికి తెచ్చి ఎండలో తెరచి చూడవలెను. ‘స్త్రీ’ అని వ్రాసి చూడవలెను. వాట్-గంటలను భాగించి చూడవలెను. బ్యాటరీ మార్చువాని చిరునామా అడుగవలెను. ఈ నాలుగు పరీక్షలకు పావుగంట చాలును. ఉపాధ్యాయుడు నెలల తరబడి కూడబెట్టిన డబ్బునకు ఆ పావుగంట కాపలా కాయును.

ఇన్ని పరీక్షలలో నెగ్గిన యంత్రమును కొన్నను సంచిలో ఒక నోటుపుస్తకము ఉండనీయవలెను. అడవిలో ఒక దినమున చూచిన పక్షి మరునాడు అచటనే యుండదు. మూడు గంటలకు బ్యాటరీ అడుగంటినచో ఆ పరిశీలన మరల రాదు. అట్టి సమయమున ఛార్జి అక్కరలేక, ఎండకు వెరువక, ఏ లిపినైనను స్వీకరించు కాగితము తన పని తాను చేయును.