రొక్కమిచ్చినా దొరకని కీరదోస

ఆస్కార్ వైల్డ్ నాటకం ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’ 1895లో లండన్ వేదికెక్కింది. చూసినవాళ్లంతా లేడీ బ్రాక్‌నెల్‌ని తలుచుకుంటారు. నా ఓటు మాత్రం నౌకరు లేన్‌కి. టీకి వచ్చే ఆ దొరసాని కోసం చేయించిన కీరదోస శాండ్‌విచ్‌లను యజమాని అల్జర్ననే కబుర్లాడుతూ ఒక్కొక్కటీ లాగించేస్తాడు. (నోట్లో ముక్క ఉండగానే ప్రతి మాటా చివరి వరుసకి వినబడాలి, అదీ ఓ విద్యే.) ఆవిడ రానే వస్తుంది. అయ్యగారు ఖాళీ పళ్లెం ఎత్తి నివ్వెరపోతాడు. ఇక లేన్ వేషం కట్టినవాడి పని. కనుబొమ్మ కదలకూడదు. బజారుకి రెండుసార్లు వెళ్లానంటాడు, కీరదోస లేదంటాడు. యజమాని రెట్టించి అడిగితే, రొక్కమిస్తామన్నా దొరకలేదని చేరుస్తాడు. దానికి ముందు లిప్తపాటు ఆగాలి. ఆ విరామం తగ్గితే మాట చప్పబడుతుంది, సాగితే వెటకారం బయటపడుతుంది. కుదిరిందా, హాలు ఘొల్లుమంటుంది. ఆ ఇంట్లో అసలు కొరత రొక్కానికేగా! కాసేపటికి లేన్ ట్రేలో ఉత్తరాలు తెస్తే, అల్జర్నన్ కవర్లు చూసి చించేస్తాడు. బాకీల బిల్లులని ఎవరూ నోరు విప్పి చెప్పరు, చెప్పకుండానే మనకి తెలిసిపోతుంది.