పదో మనిషి కోసం

కేరళలోని చేందమంగలం యూదుల సమాజమందిరమా, నిన్నెంత సింగారించారు! గోడలకు సున్నపు వెన్నెల పూశారు. పైకప్పున కొయ్య పద్మాలకు రంగుల ప్రాణం పోశారు. 2006లో నీ తలుపులు బార్లా తీసి, మ్యూజియం అని పేరు పెట్టి లోకాన్ని లోపలికి పిలిచారు. లోకం వచ్చింది. టికెట్ కొన్నది, తలెత్తి చూసింది, ఫొటో తీసుకుంది, వెళ్ళిపోయింది. నువ్వు ఎదురుచూసేది లోకం కోసమా తల్లీ? పదిమంది కోసం! సామూహిక ప్రార్థన జరగాలంటే వయసొచ్చిన మగవాళ్ళు పదిమంది కూడాలన్నది యూదుల ఆచారం. ఆ కూడికకు మిన్యాన్ అని పేరు. తొమ్మిదిమంది చాలరు. ఏ శిల్పి ఉలీ ఆ పదో మనిషిని చెక్కలేదు. ఏ ప్రభుత్వపు ఖజానా ఆ పదో గొంతును కొనలేదు.

నీ వాకిట ఒక రాయి నిలబడి ఉంది. ఒంటినిండా హీబ్రూ అక్షరాలు. ఇశ్రాయేలు కూతురు శారా అనే ఒక ఇల్లాలి సమాధి ఫలకం అది. దాని కాలం 1269. మన దేశంలో దొరికిన హీబ్రూ శాసనాల్లో అంతకన్న పాతది లేదంటారు. ఆ ఏట మన ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుబడి. ఇక్కడ ఒక స్త్రీ కోటగోడలు పైకెత్తిస్తుంటే అక్కడ ఇంకో స్త్రీ ఒక రాతికింద కన్నుమూసి పడుకుంది. ఏ బిడ్డకు పాలిచ్చిందో ఆ శారా, ఏ శుక్రవారపు సందెవేళ ఏ దీపం ముందు కళ్ళు మూసుకుందో! ఏడున్నర శతాబ్దాల మలబారు వానలు ఆమె పేరు మీద కురిశాయి, కురిసి కురిసి ఓడిపోయాయి. అక్షరం మిగిలింది. దాన్ని కూడబలుక్కుని చదివే ఇరుగుపొరుగే లేకుండా పోయింది.

నీ పక్కనే గుడి, ఆ పక్కన చర్చి, ఆవల మసీదు. గుడి శంఖం, చర్చి గంట, మసీదు బాంగు, నీ ప్రార్థన: నాలుగు నాదాలూ ఒకే గాలిని పంచుకుని బతికిన ఊరది. ఇవాళ మూడే వినిపిస్తున్నాయి. గాలికి తెలుసు, తన చెవికి ఒక స్వరం వెలితని.

ఎంత మర్యాదగా పిలిచింది నీవాళ్ళను ఈ నేల! దాదాపు 1000వ సంవత్సరంలో చేరరాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు రాగిరేకుల మీద హక్కులు చెక్కించి ఇచ్చాడు. గొడుగు పట్టించుకునే హక్కు, పల్లకి ఎక్కే హక్కు, పట్టపగలు దివిటీ వెలిగించుకునే హక్కు! తళ్ళికోట యుద్ధం జరిగిన మూడేళ్ళకు, 1568లో, కొచ్చిలోని మట్టాంచేరిలో రాజుగారి కోట పక్కన, కోట గుడి గోడకు గోడ ఆనించి పరదేశి సమాజమందిరం లేచింది. 1662లో పోర్చుగీసులు దాన్ని పాడుచేస్తే, రెండేళ్ళకు డచ్చివారి అండతో మళ్ళీ నిలబెట్టారు. 1760లో ఎజెకియేల్ రాహబి కట్టించిన గడియార స్తంభం చూడండి: ఒక ముఖాన హీబ్రూ అంకెలు, ఒక ముఖాన మలయాళ అంకెలు, ఇంకొక ముఖాన రోమన్ అంకెలు. కాలం ఎవరి లిపిలో చూసుకున్నా కాలమేనని చెప్పిన గడియారం అది. లోపల కాలికింద చీనా దేశపు పింగాణీ పలకలు. తెలుపు మీద నీలిరంగుతో చేత్తో వేసిన బొమ్మలు. వాటి మీద చెప్పులు విడిచి నడవాలి. విదేశం నుంచి వచ్చిన మతం మన ఇంటి అలవాటు నేర్చుకున్న ఆనవాలు అది.

మరి ఇక్కడి యూదుల్ని ఎవరు తరిమారు? వెతికి వెతికి అలసిపోతాను, తిట్టడానికి ఒక్క పేరూ దొరకదు. ఒక దుర్మార్గుడు దొరికితే దుఃఖానికి ఆసరా ఉండేది. వాళ్ళు వెళ్ళిన రోజుల్లో కత్తి దూసినవాడు లేడు, నిప్పు పెట్టిన గుంపు లేదు. 1948లో ఇశ్రాయేలు ఏర్పడింది. రెండువేల ఏళ్ళుగా తూర్పు వాకిట కూర్చున్న ఆశకు పడమటి సముద్రం మీదుగా కబురు వచ్చింది. 1950ల మొదటి ఏళ్ళలో ఊళ్ళకు ఊళ్ళు మూటలు కట్టుకున్నాయి. మాళలో యూదులు తమ సమాజమందిరాన్నీ సమాధుల నేలనూ 1955లో పంచాయతీ చేతుల్లో పెట్టి కదిలారు. ఎంత నమ్మకం ఆ అప్పగింతలో, ఎంత కోత! కొబ్బరినీడల్లో పుట్టినవాళ్ళు నెగెవ్ ఎడారిలో నెవాతిమ్ అనే పల్లెలో కాపురాలు పెట్టుకుని, అక్కడ మళ్ళీ కొచ్చి పద్ధతిలో మందిరం నిలబెట్టుకున్నారు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ యెరూషలేము కోసం బెంగ, అక్కడికి చేరాక పెరియార్ నది కోసం బెంగ! మనిషి గుండె ఎప్పుడూ అవతలి ఒడ్డునే వదిలి వస్తుందా?

వాళ్ళు వెళ్ళాక రాళ్ళ కథ మొదలైంది. పరవూరు మందిరాన్ని ముజిరిస్ వారసత్వ పథకం కింద బాగుచేశారు. ఎర్నాకుళం మార్కెట్ సందులో కడవుంభాగం మందిరం ముందు భాగంలో రంగుచేపలూ మొక్కలూ అమ్మే అంగడి నడిచింది. ఆ అంగడి నడిపిన యూదుడే మందిరాన్ని కంటికి రెప్పలా కాచుకుని, నిలబెట్టి, మళ్ళీ అందులో ధర్మశాస్త్రపు చుట్టను నిలిపాడు. ఇదే పేరుతో మట్టాంచేరిలో ఉన్న ఇంకొక మందిరానికి ఆ అదృష్టం లేదు. దాని లోపలి కొయ్యపనంతా 1991లో ఊడదీసి యెరూషలేముకు తీసుకుపోయి మ్యూజియంలో అమర్చారు. ఒట్టి గోడలు గిడ్డంగిగా బతికి, 2019 వానల్లో ఒకవైపు కూలిపోయాయి. ఒక దేహానికి రెండు దేశాల్లో రెండు సమాధులు!

ఈ వేదన మనకు కొత్తదా? అమరావతి మహాచైత్యాన్ని అడగండి. దాని రాతి పద్మాలు లండన్‌లో ఉన్నాయి, చెన్నైలో ఉన్నాయి. కృష్ణ ఒడ్డున మిగిలింది మట్టిదిబ్బ, దాని మీద పచ్చిక. మా గుండ్లకమ్మ ఒడ్డున చందవరం కొండ మీది స్తూపాన్ని అడగండి. ఇటుకలు మళ్ళీ వెలుగు చూశాయి గాని చివరగా వెళ్ళిన భిక్షువు తిరిగి రాలేదు. కొలిచేవాళ్ళు లేని పవిత్రత ఎంత బరువో ఈ పత్తిచేల దిబ్బలకు తెలుసు. అందుకే ఒంగోలులో కూర్చున్న నాకు చేందమంగలం దూరపు ఊరు కాదు.

ఇంకో కారణమూ ఉంది. మా తీరాన మోటుపల్లి రేవు ఉంది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునే రోజుల్లో, కాకతీయ గణపతిదేవుడు అక్కడ 1244 ప్రాంతంలో అభయశాసనం వేయించాడు. సుంకం తప్ప మరేదీ ముట్టబోమని పరదేశి వర్తకులకు మాట ఇచ్చాడు. రాగిరేకు మీద చేరరాజు రాసిందీ, రాతిస్తంభం మీద కాకతీయుడు చెక్కించిందీ ఒకటే మాట: భయపడకండి. ఆ మాటకు వారసులం మనం. ఆ వారసత్వాన్ని ఏం చేసుకున్నాం?

అడగడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. ఒంగోలు నుంచి ఉత్తరంగా వెళితే చేబ్రోలు. కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ కొలువైన ఊరు. దాని పక్కన కొత్తరెడ్డిపాలెం. మిరప కళ్ళాల ఎర్రని పరుపుల మధ్య, ఘాటుకు తుమ్ముతూ కాయలు ఏరే కూలీల ఊళ్ళ మధ్య, అక్కడ తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు. తమను బెనె ఎఫ్రాయీము అంటారు, ఎఫ్రాయీము గోత్రపు బిడ్డలమంటారు. 1991 ప్రాంతంలో చిన్న సమాజమందిరం కట్టుకున్నారు. చీనా పలకలు లేవు, గడియార స్తంభం లేదు, రాగిరేకు లేదు. అయినా చేందమంగలానికి లేని సంపద ఒకటి వాళ్ళకుంది. మనుషులున్నారు! సబ్బాతు దీపం వెలిగించడానికి చేతులున్నాయి. హీబ్రూ ప్రార్థనను తెలుగు నాలుక మీద సాన పట్టే గొంతులున్నాయి. పదో మనిషి అక్కడ గుమ్మంలోనే ఉన్నాడు.

వాళ్ళ తాతల కథలో మా ఒంగోలు కూడా ఉంది. 1854 నూతన సంవత్సరపు వేకువన బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో మా ఊరి కొండెక్కి ప్రార్థన చేశారు. తర్వాత జాన్ క్లౌ వచ్చాడు. 1876-78 మహాకరువులో బకింగ్‌హాం కాలువ పని ఇప్పించి వేలమంది మాదిగలకు గంజినీళ్ళు అందేలా చూశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తోలు పని చేసి, ఊరవతల నిలబడి, మనిషినన్న మాట కోసం అలమటించిన జాతి అది. పాత నిబంధనలో దాస్యం తెంచుకుని నడిచిన ప్రజల కథ ఆ పల్లెల్లో ఇంటికథ అయింది. ఆ మాదిగ బాప్టిస్టు కుటుంబాల్లోంచే కొన్ని, వంద ఏళ్ళు గడిచాక, ఆ కథలోకి పూర్తిగా నడిచి వెళ్ళాయి. మేము ఆ ప్రజల్లాంటివాళ్ళం కాదు, ఆ ప్రజలమే అన్నాయి.

లోకం ఒప్పుకోలేదు. రుజువు చూపమంది. ఈశాన్య భారతంలోని బ్నెయ్ మెనషేను 2005లో యెరూషలేములో ప్రధాన రబ్బీ ఒకరు ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. గుంటూరు సీమవాళ్ళకు ఆ తలుపు తెరుచుకోలేదు. మిర్చి యార్డులో కాయల్ని చేత్తో కదిపి మేలురకం ఒకవైపు, తాలుకాయ ఒకవైపు తోసినట్టు మనుషుల్ని ఏరుతున్నారు. వంశాన్ని పట్టిచూపే పత్రం వాళ్ళ దగ్గర లేదు, నిజమే. ఊరవతల ఉంచిన జాతికి వంశవృక్షం ఎవరు రాసిపెట్టారు గనక! తాత పేరుకు మించి తరాలు రాసుకునే తాటాకు మనమెప్పుడు వాళ్ళ చేతికిచ్చాం? రక్తం సంగతి చరిత్రకారులు తేల్చుకోనీ. శనివారం కూలి మానుకుని, ఆ పూట కూడు వదులుకుని, పొరుగువాడి వెక్కిరింత దాటుకుని ప్రార్థనకు కూర్చునే వాడి విశ్వాసానికి నిరూపణ ఇంకేం కావాలి?

ఓ చేందమంగలమా, ఓ పరవూరా, మీకు అద్దిన రంగులు చూసి సంతోషిస్తాను. ఆ చేతులకు మొక్కుతాను. అయినా మీ ముందు నిలబడితే నాకు తోచేది ఒకటే. వెళ్ళిపోయినవాళ్ళ గోడల మీద మనకు ఎంత ప్రేమ, ఉన్నవాళ్ళ గుడిసెల మీద ఎంత నిర్లక్ష్యం! ఖాళీ అయితేనే ఇల్లు అందంగా కనిపించే కళ్ళు మనవి. మనుషులు ఉన్నంత కాలం మాదిగపల్లె అంటాం. వాళ్ళు లేకుండా పోయాక అదే చోటును వారసత్వ స్థలం అంటాం.

కొచ్చి యూదుల ఆడవాళ్ళు తమ మలయాళ పాటల్ని నోటుపుస్తకాల్లో రాసుకుని తల్లి నుంచి కూతురికి అందించుకున్నారు. పెళ్ళిపాటలు, పండుగ పాటలు, వెక్కిరింపు పాటలు. ఆ పుస్తకాలూ వాటిని పాడే గొంతులూ సముద్రం దాటిపోయాక గాని పండితులు పెద్దగా కదలలేదు. ముసలి గొంతుల్ని వెతుక్కుంటూ ఇశ్రాయేలు దాకా పోవలసి వచ్చింది. కొత్తరెడ్డిపాలెం వాళ్ళు పాడేది తెలుగులో. బస్సెక్కితే పూటలో చేరగల దూరం. వాళ్ళ పాటలు రాసుకోవడానికి, వాళ్ళ ముసలివాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేయడానికి, వాళ్ళ పాత సమాధుల మీది పేర్లు దించుకోవడానికి ఏ విశ్వవిద్యాలయానికైనా విమానం ఖర్చు లేదు, వీసా అక్కర్లేదు. వాళ్ళను ఒప్పుకోవాలా వద్దా అన్నది యెరూషలేము తేల్చుకుంటుంది. వినాలా వద్దా అన్నది మన పని. ఆ పని పాడేవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండగానే మొదలుపెట్టాలి.